మేయ్ ఆంటీ చెంచా చప్పుడు

దెయ్యాలంటే నాకు ఏనాడూ భయం లేదు. భయమల్లా డెడ్‌లైన్లంటేనే. మాది అనంతపురం. సింగపూర్‌లో ఒక బ్యాంకుకు సాఫ్ట్‌వేర్ రాసుకుంటూ పదకొండేళ్లుగా ఉంటున్నాను. కంప్యూటర్‌లో నమోదు కానిదేదీ జరగలేదని నమ్మే జాతి మాది. అందుకే ఇది రాయాలంటే కొంచెం సిగ్గుగా ఉంది.

సింగపూర్‌లోనే బుకిట్ బటోక్ అనే పేటలో, మా కింది అంతస్తులో లామ్ అంకుల్, మేయ్ ఆంటీ దంపతులు ఉండేవారు. ఆయన ఎప్పుడో వియత్నాం వదిలి వచ్చిన మనిషి, ఆవిడ చైనా వదిలి వచ్చిన మనిషి. బయటి చప్పుడు రాకుండా పడకగది గోడలకు పరుపులు ఆనించి, అక్కడి నుంచే ఇంటర్నెట్‌లో రాజకీయ వ్యాఖ్యానం చేసేవారు. ఆయన వియత్నామీస్‌లో, ఆవిడ చైనీస్‌లో. శనివారాలు వెళ్లి ఆ రికార్డింగుల్లో శబ్దం సరిచేసిపెట్టేవాణ్ని. నాకు ఆ రెండు భాషలూ రావు. వినడం అక్కడ నా వృత్తి, వినిపించుకోకపోవడం నా ప్రవృత్తి.

ప్రసారానికి ముందు ప్రతి కార్యక్రమాన్నీ ఆంటీ మొదటి నుంచి చివరిదాకా వినేవారు. తప్పు దొరికితే మాట్లాడేవారు కాదు, స్టీలు మగ్గు మీద చెంచాతో రెండుసార్లు కొట్టేవారు. ఆపు, వెనక్కి వెళ్లు అని అర్థం.

"చెవులు ఇంట్లో పెట్టి, హెడ్‌ఫోన్లు తెచ్చుకుంటావు లా!" అని, ఇక్కడి అలవాటు కొద్దీ మాట చివర 'లా' తగిలించి, నన్ను దెప్పేవారు.

కిందటేడు జబ్బు చేసి ఆవిడ పోయారు.

అది జరిగిన నాలుగు నెలలకు, వియత్నాం నుంచి ఒకామె తన గొంతు రికార్డు చేసి అంకుల్‌కు పంపింది. తను పనిచేసే ఫ్యాక్టరీ మురుగునంతా ఊరి వాగులోకి వదులుతున్నారని. గొంతు గుర్తుపట్టారంటే ఆమె ఉద్యోగం పోతుంది, ఇంటికి బెదిరించే మనుషులు వస్తారు. అలాంటి గొంతులను గుర్తుపట్టకుండా మార్చాకే ప్రసారం చేస్తాం. నేనూ శ్రద్ధగా మార్చాను. మార్చి, కార్యక్రమంలో మాత్రం అసలు ఫైలునే అతికించాను. రెండింటికీ ఒకే పేరు పెట్టి, చివర ఒకటి, రెండు అని అంకెలు వేసుకున్న మేధావిని మరి.

సాయంత్రం నాలుగింటికి ప్రసారం. మూడున్నరకు అంకుల్ కాఫీ కోసం కింద తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌కు దిగారు. ఇంట్లో నేనొక్కణ్నే. హెడ్‌ఫోన్లలో కార్యక్రమం నడుస్తోంది, నా ధ్యాస క్రికెట్ స్కోరు మీద ఉంది.

అప్పుడు వినిపించింది. టింగ్, టింగ్. ఎడమ చెవిలో.

అలవాటుకొద్దీ నా చెయ్యి ఆపేసి, పది సెకన్లు వెనక్కి తిప్పింది. ఒళ్లు జలదరించింది ఆ తర్వాతే. మళ్లీ వింటే చెంచా చప్పుడు లేదు. ఆ ఫ్యాక్టరీ ఆమె గొంతు ఉంది. సన్నగా, స్పష్టంగా, ఏ మార్పూ లేకుండా.

వెంటనే ఫైలు మార్చాను. తర్వాత ఆ చోటంతా వెతికాను. తెర మీద ఆమె మాటల గీతలు తప్ప ఇంకే శబ్దమూ లేదు. వంటింట్లో మగ్గు బోర్లించే ఉంది, పొడిగా. కిటికీలు మూసే ఉన్నాయి.

అంకుల్ రాగానే దాచకుండా అంతా చెప్పేశాను. తిడతారనుకున్నాను. ఆయన కాఫీ బల్ల మీద పెట్టి అడిగారు.

"ఎన్నిసార్లు కొట్టింది?"

"రెండు, అంకుల్."

"అయితే నీ మీద కోపం లేదు లా. కోపమొస్తే కొట్టడం ఆపేదే కాదు."

ఇద్దరం నవ్వాం. ఆయన కళ్లు తుడుచుకున్నారు.

నీ బుర్రే ఆ చప్పుడు పుట్టించి ఉంటుంది అంటుంది మా ఆవిడ. కావచ్చు. కానీ ఫైలు తప్పని నా బుర్రకు తెలియదు కదా! అది ఏమిటో, ఎలా జరిగిందో ఇప్పటికీ చెప్పలేను. ఆ రోజు మాత్రం ఆంటీ కూర్చునే కుర్చీకి దణ్ణం పెట్టుకుని వచ్చాను. ఇప్పటికీ మనసులో ఆ దణ్ణం పెట్టుకుంటూనే ఉన్నాను.

మూడు వారాలకు ఆ ఊరి నుంచి ఇంకో రికార్డు వచ్చింది. అదే గొంతు. ఉద్యోగంలోనే ఉన్నానని చెబుతోందన్నారు అంకుల్. నాలుగు నిమిషాలుంటే నాలుగూ విన్నాను. మధ్యలో ఒకచోట ఆమె నవ్వింది.