నడిచే బండి అడిగిన నర్సమ్మ

మా నర్సమ్మ పోయింది. ఆ కబురు నాకు తెచ్చింది తనకల్లు బస్సు డ్రైవరు. కదిరిలో మా షెడ్డు ముందు బస్సు నిలిపి, ఇంజను కూడా ఆపకుండా, కిటికీలోంచి తల బయటపెట్టి, "మేస్త్రీ, మీ నర్సమ్మ పొద్దున్నే పోయిందంటప్పా" అన్నాడు. బస్సులో ఒకరిద్దరు "అయ్యో" అన్నారు. నేను ఒక ట్రాక్టరు ఇంజను మీద వంగి ఉన్నాను. బస్సు వెళ్లిపోయాక గాని, అతను 'మీ నర్సమ్మ' అన్నాడని నాకు తట్టలేదు. ఆమె నాకు ఏ వరసా కాదు. వాళ్లది పామిడి వైపు నుంచి వచ్చిన చర్చి కుటుంబం. మాది వానకు మొహం వాచిన వేరుశనగ చేను. అయినా ఆ మాటను సరిదిద్దాలని నాకు అనిపించలేదు. చేతులు కడుక్కుని, షెడ్డు షట్టరు దించి బయల్దేరాను.

ఆమె నా దగ్గరికి మొదటిసారి వచ్చింది తొంభైల చివర్లో. కదిరి బయట ఒక చిన్న మిషన్ దవాఖానాలో నర్సుగా ఉండేది. దవాఖానాకు ఎవరో పాత మిలిటరీ జీపు ఇచ్చారు. దాన్ని నడిపే డ్రైవరు వేరే పని చూసుకుని వెళ్లిపోతే, నలభై దాటిన వయసులో ఆమే స్టీరింగు పట్టుకుంది. తెల్ల చీర కొంగు నడుముకు దోపి, మోచేతులు పక్కలకు చాపి, రోడ్డును కోప్పడుతున్నట్టు చూస్తూ నడిపేది. ఎదురొచ్చే లారీల వాళ్లు తప్పుకునేవాళ్లు. భయంతోనో గౌరవంతోనో నాకు తెలియదు.

ఆ రోజు జీపు నా షెడ్డు దాకా వచ్చింది గాని, దానికంటే ముందు దాని పొగ వచ్చింది. ఇంజను పూర్తిగా అరిగిపోయింది. "దీనికి ఆయాసం పట్టుకోనుండాది. నువ్వు డాక్టరు మాదిరి చూస్తావో, కసాయి మాదిరి చూస్తావో చెప్పు, ముందే తెలిస్తే మేలు" అంది. అప్పటికి నేను బెంగళూరులో రేసు బండ్లు తయారుచేసే షెడ్డులో కొన్నేళ్లు పనిచేసి వచ్చినవాణ్ణి. కదిరిలో నాలాంటి పనివాడు లేడని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఇప్పుడూ పెద్దగా తగ్గలేదనుకోండి.

సిలిండర్లు బోరు కొట్టించి కొత్త పిస్టన్లు వేశాను. అంతటితో ఆగితే నేను బెంగళూరు వెళ్లొచ్చి ఏం లాభం? ఇంజను చివర తిరిగే బరువైన ఇనప చక్రం, అదే ఫ్లైవీలు, దాన్ని లేత్ మీద పెట్టి సగం చెక్కించాను. బరువు తగ్గితే ఇంజను చిటికెలో వేగం అందుకుంటుంది. పెట్రోలు, గాలి ఎక్కువగా పోయేలా పెద్ద నోరున్న కార్బురేటరు బిగించాను. వాల్వులు ఎక్కువసేపు తెరుచుకునేలా రేసు బండి క్యాం షాఫ్టు పెట్టాను. హిందూపురం రోడ్డు మీద పరీక్షకు తీసుకుపోతే జీపు ఎగిరిపోయింది. ఆ అరుపు విని చేలల్లో మనుషులు లేచి నిలబడి చూశారు. అంత సంతోషం నాకు పెళ్లినాడు కూడా కలగలేదు. ఈ మాట మా ఇంట్లో చదవరనే ధైర్యంతో రాస్తున్నాను.

కొద్ది రోజులకే ఆమె జీపుతో తిరిగొచ్చింది. టైర్ల దొంతర మీద కూర్చుంది. మా షెడ్డులో స్టూలు ఉన్నా ఆమె ఎప్పుడూ ఆ టైర్ల మీదే కూర్చునేది.

"బండి బలే చేసినావప్పా. తీసేయ్" అంది.

"ఏం తీసేయల్లమ్మా?"

"నువ్వు పెట్టిందంతా. నేనడిగింది ఉరికే బండి కాదు మేస్త్రీ, నడిచే బండి. మనిషి పక్కన మనిషి నడిచినట్ల నడవల్ల."

నాకు మండింది. పికప్పు అంటే ఏమిటో, బెంగళూరులో ఇలాంటి ఇంజను కోసం ఎలా ఎగబడతారో చాలాసేపు చెప్పాను. ఆమె ఉడకబెట్టిన శెనక్కాయలు ఒలిచి తింటూ అంతా విని, తొక్కలు దులుపుకుని లేచింది. "దా, బండెక్కు" అంది.

తనకల్లు దాటాక గుట్టల మధ్యకు ఒక రాళ్ల దారి పోతుంది. కనుమ ఎక్కి దిగితే అవతల ఒక పల్లె. ఆ పల్లెవాళ్లు ఆసుపత్రికి రావాలంటే కనుమ అవతలి వైపు నుంచి ఎక్కి ఇటు రావాలి. రోడ్డు అనే మాట ఆ దారికి చెల్లదు. పిడికిలంత మొదలు గుమ్మడికాయంత వరకు రాళ్లు. ఇటు వైపు ఎక్కుడు అంత నిటారు కాదు. ఆమె కనుమ దాటి, దిగి పల్లె పొలిమేరలో జీపు తిప్పి నిలిపింది. వెనక ఒక పక్క సీటు పీకించి బల్ల వేయించి ఉంది. అక్కడే ఎవరి ఇంట్లోనో ఒక చిన్న రాగుల మూట అడిగి తెచ్చింది.

"పండుకో" అంది.

"నేనా?"

"నువ్వే. ఇది పొట్టకు కట్టుకో. ఎనిమిదో నెల నీకు."

"యెవరన్నా చూస్తే నవ్వుతారు నర్సమ్మా."

"యెవరు నవ్వుతారప్పా ఈడ, మేకలా? పండుకో."

కాదనలేక పడుకున్నాను. ఆమే నా నడుం చుట్టూ పాత చీర చుట్టి మూట బిగించి కట్టింది. తర్వాత స్టీరింగు ముందు కూర్చుంది. నిదానంగా ఎక్కాలని చూస్తే నా గొప్ప ఇంజను రెండు రాళ్లకే ఆగిపోయింది. మళ్లీ స్టార్టు చేసింది, మళ్లీ ఆగింది. ఇక ఆ కనుమ ఎక్కాలంటే ఒకటే దారి. వెనక్కి పోయి, యాక్సిలరేటరు తొక్కి, ఉరికించి ఎక్కించాలి. ఆమె అదే చేసింది. మొదటి రాయికే నా తల జీపు గోడకు తగిలింది. ఆ తర్వాత ప్రతి రాయికీ మూట పైకి ఎగిరి పొట్ట మీద పడింది. నాలుక కరుచుకున్నాను. పట్టుకోవడానికి ఏదీ దొరకలేదు. పైకి చేరాక ఆమె ఇంజను ఆపి నా వైపు తిరిగింది.

"యట్లుండాది మేస్త్రీ నీ పికప్పు?"

నేను లేచి కూర్చుని తల తడుముకున్నాను. ఆమే చెప్పింది. అంతకు ముందు సంవత్సరం ఆ పల్లె కోడలు ఒకామెకు నొప్పులతో పాటు రక్తం పోవడం మొదలైంది. బాడుగ జీపులో ఇదే కనుమ మీద, ఇట్లాగే ఉరికించుకుంటూ తెచ్చారు. "ఆ పిల్ల రాయి రాయికీ నా చెయ్యి పట్టుకునె. ఇదో, ఈ మలుపు కాడ ఇడిచిపెట్టె" అంది. మూట విప్పుకుని, పల్లెవాళ్లకు తిరిగి ఇవ్వాలి కదా అని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

షెడ్డుకు వచ్చి ఇంజను మొత్తం విప్పాను. చెక్కిన ఇనుమును తిరిగి అతికించలేం. బరువు తగ్గని ఫ్లైవీలు కోసం అనంతపురంలో, బెంగళూరులో పాత సామాన్ల అంగళ్లన్నీ తిరిగాను. అది దొరికాక ప్రాణం లేచొచ్చింది. తిరగలి పైరాయి బరువుగా ఉంటే చెయ్యి ఒక్క క్షణం ఆగినా రాయి ఆగదు కదా, ఇంజనుకు ఆ చక్రం అట్లాంటిది. క్యాం షాఫ్టు మళ్లీ పాతదే వేశాను. కార్బురేటరు చిన్న నోరుది పెట్టాను. వాల్వులు చేత్తో రుద్ది రుద్ది గాలి కూడా జారకుండా కూర్చోబెట్టాను. స్పీడు పోయింది, అరుపు పోయింది. కింది గేర్లలో ఇంజను దుక్కిటెద్దులా లాగడం మొదలుపెట్టింది.

లాగుతోందని నాకు చెప్పింది చెవి కాదు, వీపు. ఆమె నడిపేది, నేను వెనక మూట కట్టుకుని పడుకునేవాణ్ణి. ఎక్కడ కుదుపు వస్తే అక్కడ జీపు ఆపించి, బానెట్ ఎత్తి, కార్బురేటరు స్క్రూ కొంచెం తిప్పి, మళ్లీ వచ్చి పడుకునేవాణ్ణి. ఇట్లా ఎన్నిసార్లు తిరిగామో లెక్క లేదు. ఆమె అన్నట్టు మేకలు నవ్వలేదు గాని, మేకలు కాసేవాళ్లు ఊరుకుంటారా? ఒకాయన కర్ర మీద గడ్డం ఆనించి, "ఏం నర్సమ్మా, మేస్త్రీకి ఎన్నో నెల?" అన్నాడు. ఆమె ముఖం కదలకుండా, "నెలలు నిండినాయప్పా, రేపో మాపో. తండ్రి యెవరో చెప్పడంల్యా" అంది. ఆ మాట నాకంటే ముందు కదిరి చేరింది. కొన్నేళ్ల పాటు బజారులో టీ అంగడివాళ్లు నాకు గ్లాసు ఇస్తూ "పథ్యం చేస్తాండావా మేస్త్రీ?" అని అడిగేవాళ్లు.

జీపు అట్లా సిద్ధమైన కొన్నాళ్లకు ఆమె షెడ్డు ముందు ఆపి, "నువ్వు నడుపు, నేను ఎనకాల ఉండల్ల" అంది. కనుమ అవతలి పల్లెలోనే, తొలికాన్పు అమ్మాయి. బిడ్డ అడ్డం తిరిగింది. ఆమెను వెనక బల్ల మీద పడుకోబెట్టాం. ఎండ మండుతోంది. ఫస్టు గేరులో వేసి, కాలు యాక్సిలరేటరు మీద ఊరికే ఆనించి కనుమ ఎక్కించాను. ఒక్కో చక్రం ఒక్కో రాయిని తడిమి, ఎక్కి, దిగుతోంది. పక్కన నడుస్తున్న ఆ అమ్మాయి మొగుడు మమ్మల్ని దాటిపోయి మళ్లీ వెనక్కి వచ్చాడు. ఇంజను ఎక్కడ ఆగిపోతుందో అని నాకు తెలిసిన దేవుళ్లందరినీ, నర్సమ్మ దేవుణ్ణి కూడా కలిపి తలుచుకున్నాను. ఆ అమ్మాయి సన్నటి గొంతుతో అడగడం వినిపించింది.

"నర్సమ్మా, బండి పోతాందా, నిలబడిందా?"

"పోతాందమ్మా. మేస్త్రీ నిన్ను నడిపించుకోని పోతాండాడు."

నేను ఎన్నో ఇంజన్లు విప్పి కట్టాను. అంతకంటే పెద్ద మెప్పు నాకు ఇంతవరకు రాలేదు, రాదు కూడా. కదిరి ఆసుపత్రిలో ఆపరేషను చేసి బిడ్డను తీశారు. తల్లీ బిడ్డా బాగున్నారని చెప్పడానికి నర్సమ్మ బయటికి వచ్చి, నా ముఖం చూసి, "కాన్పు నీకయినట్ల ఉండావే" అని, వెళ్లి టీ తాగి రమ్మంది.

ఆ తర్వాత జీపు చాలా ఏళ్లు అదే కనుమ ఎక్కి దిగింది. ఆమె తరచూ షెడ్డుకు వచ్చేది. ఇనుము గీరుకుంటే ధనుర్వాతం వస్తుందని మమ్మల్నందరినీ వరసగా నిలబెట్టి, అడక్కుండానే సూదులు వేసేది. ఒకసారి మెడలోని స్టెతస్కోపు తీసి ఇంజను మీద ఆనించి, కళ్లు మూసుకుని విని, "దీని గుండె బాగుండాది. నీకే చూపించుకోవల్ల, బీడీలు మానెయ్" అంది. నేను మానలేదు. ఆమె అడగడమూ మానలేదు. ఇంజను గురించి ఆమెకు చివరిదాకా ఏమీ తెలియదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. "అది నీ పని. నాకు యట్ల కావల్లనో చెప్పడం నా పని" అనేది.

కొన్నేళ్ల కిందట కనుమకు తారు రోడ్డు పడింది. ఫోను చేస్తే అంబులెన్సులు వస్తున్నాయి. దవాఖానా మూతపడింది, జీపును ఎవరో టమాటాలు తోలడానికి కొనుక్కుపోయారు. ఆమె పని మానుకుని ఊళ్లోనే తమ్ముడి కూతురి దగ్గర ఉండేది. కాళ్ల వాపులు వచ్చాక షెడ్డుకు రావడం తగ్గింది. నేనే అప్పుడప్పుడు వెళ్లేవాణ్ణి. ఇంకా తరచుగా వెళ్లి ఉండవలసింది. ఆమె ఉన్నన్నాళ్లూ నాకొక పెద్దక్క ఉన్నట్టుండేది.

నేను ఆ ఇంటికి చేరేసరికి శవపెట్టెను అద్దె వ్యానులోకి ఎక్కిస్తున్నారు. కనుమ అవతలి నుంచి ఆడవాళ్లు చాలామంది వచ్చారు. చంకలో పిల్లలున్నవాళ్లు, పెద్ద పిల్లల చేతులు పట్టుకున్నవాళ్లు. సమాధుల తోట ఊరి చివర మిట్ట మీద ఉంటుంది. వ్యాను చుట్టూ నడుస్తూ వాళ్లు దానికి అడ్డం పడుతున్నారని డ్రైవరు హారను కొట్టాడు. అతనికి సాయంత్రం ఇంకో బాడుగ ఉందట. ఒక పెద్దామె వచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టింది.

"హారను కొట్టాకప్పా. నిదానంగా పోనీ. లోపల మనిషుండాది."

"నిదానంగా పోతే మిట్ట కాడ బండి ఆగిపోతాందమ్మా, నన్నేం చేయమంటావు?" అన్నాడు అతను. అది అబద్ధం కాదు. నా ముందే ఆ వ్యాను రెండుసార్లు ఎగిరిపడి ఆగింది. ఆగినప్పుడల్లా లోపల పెట్టె కదిలిన చప్పుడు వినిపించింది. నేను తలుపు తీసి అతన్ని దిగమన్నాను.

అంత నిదానంగా ఆ వ్యాను మిట్ట ఎక్కాలంటే క్లచ్ సగం తొక్కి ఉంచాలి. అట్లా నడిపితే క్లచ్ ప్లేటు కాలిపోతుంది. అట్లా నడిపినవాళ్లను నేను జీవితమంతా తిట్టాను. ఆ పొద్దు క్లచ్ సగం తొక్కి పట్టుకుని, ఆడవాళ్ల నడక చూసుకుంటూ వ్యానును కదిలించాను. పక్కన నడుస్తున్న డ్రైవరు కిటికీ దగ్గరికి వచ్చి, "మేస్త్రీ, ప్లేటు పోతాదప్పా!" అని మొత్తుకున్నాడు.

"పోనీలే. కొత్తది నేనేస్తా."

ఆడవాళ్లు కూడా ఆ పెద్దామెలాగే బండి మీద చెయ్యి వేసి నడిచారు. ఒక్క కుదుపు కూడా లేకుండా మిట్ట ఎక్కాం. కాలిన ప్లేటు వాసన వ్యానంతా కమ్మి, చుట్టూ నడిచేవాళ్ల దాకా పోయింది. ఆడవాళ్లు ఒక చేత్తో కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. రెండో చెయ్యి మాత్రం ఎవరూ బండి మీద నుంచి తీయలేదు.