మామిడికాయల కోసం విడిచిన నౌకరి

మా బాపు మగ్గం నేసెటోడు. నన్ను కరీంనగర్ల చదివిచ్చింది ఒక్క ఆశతోటే: నేను చేతులతోటి పని చెయ్యొద్దు. బి.ఏ. అయినంక నిర్మల్‌ల, తహసీల్ దఫ్తర్ల గుమాస్తా నౌకరి దొరికింది. ఆంధ్రప్రదేశ్ అప్పుడప్పుడే ఏర్పడ్డది. ఉర్దూ కాయిదం చదివి ఇంగ్లీషుల జవాబు రాసెటోళ్లు తక్కువ. నాకు రెండూ వచ్చు. ఆ తప్పుకు నా బల్ల మీది కాయిదాలు ఎన్నడు తగ్గలే.

నేను కిరాయికున్న ఇంటి పక్కన బొమ్మలు చేసే ఉస్తాదు ఉండె. తెల్లటి పొనికి కర్రను మామిడికాయ లెక్క చెక్కి, చింతగింజల జిగురుల కర్రపొట్టు కలిపి పూసి, ఆరినంక రంగులేసెటోడు. సాయంత్రాలు చూడనీకె పోయిన. పోంగ పోంగ నేను గూడ ఉలి పట్టిన. ఆరు నెలలకు దఫ్తర్ల కూసున్నా మనసు పక్కింట్లనే ఉండబట్టింది. ఒకనాడు ధైర్యం చేసి అడిగిన.

"ఉస్తాద్, నౌకరి ఇడిచిపెట్టి వస్త. పని నేర్పుతరా?"

"జీతమియ్య."

"వద్దు."

"అయితే పన్నెండు మామిడికాయలు చేసి తీస్కరా. అప్పుడు చూస్త."

రెండు వారాలు కష్టపడ్డ. స్కేలు పెట్టి కొలిచిన. పన్నెండూ ఒకటే పొడుగు, ఒకటే లావు, ఎర్రదనం గూడ ఒకటే జాగల. ఉస్తాదు వరుసగ పెట్టి శానసేపు చూసిండు.

"సార్, గివి కాయలా, మీ దఫ్తర్ నకళ్లా?"

"మంచిగ లేవా?"

"మంచిగనే ఉన్నయ్. ఏ చెట్టన్న గిట్ల కాస్తె, దయ్యం పట్టిందని నరికేస్తరు."

పదకొండు గీకి మళ్ల చెయ్యమన్నడు. పన్నెండోది పక్కన పెట్టి, తన చాప మీద జర జరిగి నాకు జాగ ఇచ్చిండు. అదే ఒప్పుకోవుడు.

రాజీనామా రాసి పెట్టెల దాచిన. బాపుకు చెప్పకుంట ఇచ్చేంత మొగోణ్ణి కాదు. ఉత్తరం రాసిన. ఆయన జవాబు రాయలే, బస్సెక్కి తానే వచ్చిండు. నేను కాయ ముందల పెట్టుకొని ఉస్తాదు చాప మీద కూసున్న జాగకే సీదా వచ్చి నిలబడ్డడు.

"మగ్గం కాడ నా నడుం ఇరిగింది సాలలేదారా? కుర్సీ మీద కూసునే నౌకరి ఇడిచి, గీ కట్టెలు చెక్కుతవా?"

"గీ పని మంచిగనిపిస్తుంది, బాపూ."

"అనిపిస్తది. తిననీకె ఏం అనిపిస్తదో గది గూడ చెప్పు."

ఉస్తాదు తన పని చేసుకుంటనే ఉన్నడు. బాపు నా ముందలి మామిడికాయ చేతులకు తీసుకున్నడు. నేసిన బట్టను చూసినట్టే వెలుతురుకు తిప్పిండు, బొటనవేలుతోటి రాసిండు.

"గీడ పూత పల్చగైంది."

ఉస్తాదు అందుకుని చూసి, "నిజమే, పెద్దాయనా. నేను సూడలే," అన్నడు.

"గీకి మళ్ల పుయ్యి," అన్నడు బాపు నాతోటి. నేను గీకి, పూసి, ఎండల పెట్టేదాంక ఆయన లేవలే. ఆఖరుకు, "తింటానికి లేకపోతె ఇంటికి రా. రాజీనామ ఎనుకకు తీస్కుంటానికి మాత్రం దఫ్తర్‌కు పోకు," అని బస్సుకు పోయిండు.

మరునాడు పెట్టెలకెల్లి కాయిదం తీసి ఇచ్చేసిన. ఊర్ల మాత్రం బాపు ఇంకో రెండేండ్లు, నేను తహసీల్ దఫ్తర్లనే ఉన్నట్టు చెప్పుకున్నడు. పండుగకు ఇంటికి పోతే నన్ను గూడ అట్లనే చెప్పమన్నడు. చెప్పిన.