గొట్టం బిళ్లలు తిన్న రొయ్యలు

నా కుడిపాదం మీద మచ్చ చూపించి, మూరెడు రొయ్య పొడిచిందని చెబుతుంటాను. విన్నవాళ్లు నోరు తెరిస్తే ఆ మూర బారెడవుతుంది. నిజానికి అది జానెడు కూడా లేదు, పొడవనూ లేదు. కైకలూరు దగ్గర మా చెరువులో రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడి రోజున, కొనేవాళ్ల ముందు ఆరితేరిన రైతులా కనపడాలని చెప్పులు విడిచి రొయ్యల కుప్పలో కాలు పెట్టింది నేనే. ఒకదాని తలమీది ముల్లు లోపలికి దిగింది.

తొంభైల నాటి మాట. వరిచేలు రొయ్యల చెరువులవుతున్న రోజులు. నేనూ మా బావమరిదీ కలిసి ఒక చెరువు కౌలుకు తీసుకున్నాం. పక్క చెరువులో రొయ్యలు చస్తున్నాయని తెలిస్తే చాలు, వాడు బస్సెక్కి విజయవాడ వన్ టౌన్ వెళ్లి, మనుషులు జ్వరానికి మింగే గొట్టం బిళ్లలు సంచుల్లో తెచ్చేవాడు. మా ఇంటి ఆడవాళ్లు అరుగుమీద కూర్చుని, చిక్కుడుకాయలు ఒలిచినట్టు వాటిని మెలితిప్పి, పొడి చేటలో రాల్చేవారు. దాన్ని గుడ్డుసొనతో మేతకు పట్టించి, ఆరబెట్టి చెరువులో చల్లేవాళ్లం. రోగం వచ్చాక కాదు, రాకముందే. మా రొయ్యలకు జలుబు కూడా చేయదని ఊరంతా చాటాను.

"ఇంత వైద్యం మనకెప్పుడూ జరగలేదండీ. రొయ్యగా పుట్టినా బావుణ్ను," అనేది మా ఆవిడ, చేతులకంటిన పసుపుపచ్చ పొడి దులుపుకుంటూ.

ముల్లు దిగిన మర్నాటికి పాదం వాచింది. మా ఊరి ఆర్‌ఎంపీ డాక్టరు అవే గొట్టాలు మింగమన్నాడు. ఇంట్లో సంచి ఉండనే ఉంది. మింగాను. వాపు పిక్కకెక్కింది, చలిజ్వరం పట్టుకుంది. బావమరిది నన్ను కారులో వేసుకుని విజయవాడ తీసుకెళ్లాడు.

అక్కడి డాక్టరమ్మ గారు చీము తీసి పరీక్షకు పంపారు. "ఏ మందుకూ లొంగకపోతే పాదం తీసేయాల్సి రావచ్చు బాబాయ్ గారూ," అన్నారు మెల్లగా. ఆ తర్వాత మెలకువ వచ్చినప్పుడల్లా వేళ్లు కదిపి చూసుకునేవాణ్ని.

రిపోర్టు వచ్చిన రోజు, నా కాలు తింటున్నదెవరో నా కళ్లతో చూడాలని పేచీ పెట్టాను. ఆవిడ నవ్వి, ల్యాబ్ నుంచి గాజు పళ్లెం తెప్పించారు. కంటికి ఆనని క్రిములన్నీ ఒకచోట చేరి, పాలమీగడలా పరుచుకుని, నాకు దర్శనమిస్తున్నాయి. మధ్యమధ్య ఒక్కోదానికి ఒక్కో మందు అద్దిన చిన్న కాగితం బిళ్లలు. మా గొట్టాల మందు అద్దినదాని అంచుదాకా మీగడ ఎక్కేసింది. ఆ మందును ఆవకాయలా నంజుకుంటున్నాయి.

"మీరేం చేస్తుంటారు?" అని ఆవిడ అడిగారు. చెప్పాను. అరుగుమీద ఒలవడంతో సహా.

"రోజూ కాస్త కాస్త మందు తగిలితే చచ్చేవి చస్తాయండీ. తట్టుకున్నవి మిగిలి సంతానం పెంచుకుంటాయి. ఇవి మీ చెరువులో పెరిగినవే అయి ఉంటాయి."

"అయితే బావా, మనం మేపింది వీటినా," అన్నాడు మా బావమరిది.

అప్పుడు చూశాను. ఒక మూల బిళ్ల చుట్టూ మాత్రం గుండ్రంగా ఖాళీ జాగా. మీగడ అక్కడికి రాలేకపోయింది. ఆ జాగాలోనే నా పాదం నిలబడింది.

ఆ మూల బిళ్ల మందే నాకిచ్చారు; అది నా కడుపులోని మంచి క్రిముల్ని కూడా ఊడ్చేసింది. పెరుగు తినమన్నారు. మా ఆవిడ ఇంటి తోడు తెప్పించి ఆసుపత్రి గదిలోనే పాలు తోడుపెట్టింది. పొద్దున మూత తీసి, "ఈ తోడులోవాళ్లూ ఆ పళ్లెంలోవాళ్ల చుట్టాలేనే," అని గంతేసినంత పని చేశాను. ఇంటికి పరిగెత్తుకుంటూ వెళ్లానని చెబుతుంటాను గానీ, కుంటుకుంటూ వెళ్లాను.

తర్వాతి పంటకు రొయ్యపిల్ల వేసేముందు బావమరిది వచ్చాడు. "బావా, ఈసారి డాక్టరమ్మ గారు నీకిచ్చిన మందు తెద్దాం. అదైతే బ్రహ్మాండంగా పనిచేసింది."

నా కుడికాలు ఎత్తి వాడి ఒళ్లో పెట్టాను. "ముందు దీన్ని కోసేసి, తర్వాత బస్సెక్కు."

వాడు ఎక్కలేదు. ఆ రోజుతో డెల్టా అంతా మందు మానేసిందని చెబుతుంటాను. మానింది మా ఒక్క చెరువే.