పెయింటు కింద తుప్పు

మా ఆయన బాయిలర్ పైపుల ఫిట్టరు. కోరాపుట్ దగ్గర ఫ్యాక్టరీ క్వార్టర్లలో మేమున్న పదిహేనేళ్ళూ ఆయన లోకంలో ఉన్నవి రెండే: బాగున్న పైపులు, బాగుచెయ్యాల్సిన పైపులు. పిల్లాడికి ముక్కు కారినా వాషర్ పోయిందనేవాడు.

ఎనభైల మొదట్లో ఒక ఆదివారం, సంత నుంచి కూరల సంచీ మోసుకుంటూ ఎత్తు ఎక్కుతున్నవాడు గుండె పట్టుకుని కల్వర్టు మీద కూలబడ్డాడు. ఒళ్ళంతా చెమటలు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆసుపత్రిలో ఒడియా డాక్టరు, కుర్రవాడు, పరీక్షలన్నీ చేసి, గుండెకి రక్తం తీసుకెళ్ళే గొట్టాల్లో కొవ్వు పేరుకుందని మాత్రలిచ్చాడు. నేను ఏడుస్తుంటే ఈయన మాత్రం హాయిగా బయటికొచ్చాడు.

"ఓస్, గారేనే. పైపన్నాక గార పట్టదేటి? ఏసిడ్ ఎడితే పోద్ది."

మా ఇంట్లో యాసిడ్ అంటే చింతపండే. మర్నాటి నుంచి పొద్దున్నే లోటాడు చింతపండు రసం, మధ్యాహ్నం నిమ్మకాయలు, డ్యూటీలో చప్పరించడానికి మామిడి ఒరుగులు. బజార్లో నిమ్మకాయలు చాలక కకిరిగుమ్మ సంత నుంచి బస్సులో వచ్చేవాళ్ళ చేత తెప్పించుకున్నాడు. పది రోజులకి పళ్ళు పులిసి అన్నం నమల్లేకపోయాడు, కడుపులో మంట. గార కదులుతోందని సంబరం ఒకటి.

రెండోసారి వెళ్ళినప్పుడు ఈ ఘనకార్యం డాక్టరుకి చెప్పుకున్నాడు. డాక్టరు కలం కింద పెట్టి, నవ్వు ఆపుకుని, వచ్చీరాని తెలుగూ హిందీ కలిపి విడమరిచాడు. ఇది లోపల పైపైన పట్టిన గార కాదట. రక్తంలోని కొవ్వు గొట్టం గోడలోకి దూరి, అక్కడే ఆగిపోయి, ఇనుము తుప్పు పట్టినట్టు చెడుతుందట. చెడినదాన్ని తినెయ్యడానికి రక్తంలోని కాపలా కణాలు వస్తాయి. తిని తిని, ఉబ్బిపోయి, అవీ అక్కడే చతికిలబడతాయి. గోడ లోపలికి పొంగి దారి ఇరుకవుతుంది. ఇదంతా కొత్తగా తెలుస్తున్న సంగతట, పెద్దపెద్దవాళ్ళే ఇంకా తేలుస్తున్నారట. పొగ తాగితే ఆ చెడడం జోరందుకుంటుందట.

"పెయింటు కింద తుప్పా, సార్?" అని అడిగాడు ఈయన. డాక్టరు అవునన్నాడు.

ఈయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఫ్యాక్టరీలో రంగు వేసిన పైపుని చిన్న సుత్తితో తట్టి వినడం ఈయన పని. ఖంగుమంటే మంచిది. డొల్లగా మోగితే లోపల తుప్పు తినేసినట్టే, కోసి పారెయ్యడమే. అలా ఎన్ని కోయించాడో ఆయనకే తెలుసు.

ఇంటికి రాగానే ఆయన బీడీ కట్టలన్నీ పొయ్యిలో పడేసి, నా మీద ఒట్టేసి మానేస్తానని చెప్పమన్నాను. ఆయన నా నోటి వంక చూశాడు.

నా సంగతి చెప్పలేదు కదూ. మా శ్రీకాకుళం వైపు ఆడవాళ్ళకి అడ్డపొగ అలవాటు, అంటే చుట్ట నిప్పు కొనని నోట్లో పెట్టుకుని తాగడం. పెళ్ళికి ముందు నుంచీ నేనూ తాగుతున్నాను. బట్టలుతుకుతూ, వంట చేస్తూ, ఆఖరికి ఆ ఒట్టు వెయ్యమంటున్న నిమిషంలో కూడా.

నాకు ఒళ్ళు మండింది. గుండె పాడయింది నీదా నాదా అని దులిపేశాను. ఆయన గొంతు పెంచలేదు.

"నా తుప్పు డాక్టరు సూసేడు. నీది ఎవులు సూసేరే?" అన్నాడు.

సిగ్గేసింది. ఏడుపూ వచ్చింది. చుట్ట తీసి అంట్ల నీళ్ళలో పడేశాను.

ఆ తర్వాత నెల రోజులు మా ఇల్లు ఇల్లు కాదు. ఇద్దరం సోంపు నములుతూ, ఉప్పెక్కువైందని ఒకరూ తలుపు గట్టిగా వేశావని ఒకరూ కొట్టుకు చచ్చాం. మా గొడవ వినడానికి పక్క క్వార్టరు వాళ్ళు రేడియో కట్టేసేవారు. అయినా ఇద్దరిలో ఎవరూ వెలిగించలేదు.

అప్పుడే ఈయనకి కొత్త పిచ్చి పట్టింది. రోజూ డ్యూటీకి వెళ్ళేముందు నన్ను నిలబెట్టి, వేలి కణుపుతో వీపు మీద తట్టి, చెవి ఆనించి వినేవాడు. ఖంగుమంటోంది, పరవాలేదని తేల్చి సైకిలెక్కేవాడు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి, నువ్వూ నీ తట్టడమూ అని నేను తిట్టేదాన్ని. తిడుతూనే, ఆయన వినడం అయ్యేదాకా కదలకుండా నిలబడేదాన్ని.