ఎనిమిది పేజీల యుద్ధం

కృపానందం కట్టుడు పళ్ళు తయారుచేసే మనిషి. విజయవాడ వన్ టౌన్‌లో, మేడ మీది గదిలో ఆయన పని. అదే చేతులతో అంగుళం ఎత్తు సైనికులను పోతపోసి, సన్నటి కుంచెతో రంగులద్దేవాడు. ఆదివారం చర్చి అయ్యాక ఆ గదిలోనే పెద్ద బల్ల మీద సైన్యాలు దింపి, పాచికలు వేయించి, టేపుతో దూరాలు కొలిపించి యుద్ధాల ఆట ఆడించేవాడు. ఆ ఆట నియమాల పుస్తకం రెండొందల పేజీలు. పదకొండేళ్ళుగా ఏ తగువొచ్చినా తీర్పు ఆయనదే.

కిందటి వేసవిలో, ఆడేవాళ్ళలో ఒకడైన చక్రి కొత్త ఆట పట్టుకొచ్చాడు. కంకిపాడులో ఎరువుల కొట్టు అతనిది.

"ఎనిమిది పేజీలేనండీ. చెరో పది బొమ్మలు చాలు, గంటలో తేలిపోద్ది."

కృపానందం ఆ కాగితాలు తిరగేసి బల్ల మీద పడేశాడు. "గాయాల్లేవు, బెదిరి పారిపోవడం లేదు, మందుగుండు అయిపోవడం లేదు. ఇది యుద్ధమా, వైకుంఠపాళీయా?"

"గుర్రాలు ఏరు దాటాయా లేదా అని పోయిన వారం మూడు గంటలు కొట్టుకున్నాం గదండీ!"

"ఎరువు బస్తాలు మోయించుకునేవాడికి అంతకంటే ఏం అర్థమవుద్దిలే."

చక్రి మొహం మాడిపోయింది. అప్పుడు క్రిస్టినా నోరు విప్పింది. ఉయ్యూరులో నర్సు ఆ అమ్మాయి.

"అంకుల్, నేనొచ్చి మూడేళ్ళయింది. ఒక్క ఆటన్నా చివరిదాకా చూళ్ళేదు. మీ వంతు అయ్యేసరికి నా బస్సు టైమవుద్ది."

కృపానందం టేపు చుట్టేస్తూ, "అయితే రావడం మానెయ్" అన్నాడు.

అన్న మరుక్షణమే తప్పనిపించింది. కానీ మాట వెనక్కి తీసుకోలేదు. ఆమె తన బొమ్మలను చేతిరుమాల్లో చుట్టుకుని మెట్లు దిగింది. వెనకే చక్రి.

సోమవారం కృపానందం పని పక్కనపెట్టి, చక్రి వదిలేసిన కాగితాల్లో ఎర్ర పెన్నుతో తప్పులు వెతికాడు. పద్నాలుగు దొరికాయి. ఐదో పేజీ దగ్గర మాత్రం పెన్ను ఆగింది. ఇద్దరూ ఒక్కో బొమ్మనే మార్చి మార్చి జరపాలట. ఎవరూ ఖాళీగా కూర్చోనక్కర్లేదు. మంచి నియమం. అది మంచిదైనందుకే ఆయనకు ఒళ్ళు మండింది.

క్రిస్టినాకు ఫోన్ చేశాడు. "అందులో పద్నాలుగు తప్పులున్నాయి."

"ఉండొచ్చంకుల్. ఆదివారం చక్రి గారి కొట్లో ఆడుతున్నాం. వస్తారా?"

"పిల్లకాయల ఆటలకి నేను రాను."

ఆ ఆదివారం పెద్ద బల్ల దగ్గర బసవపున్నయ్య ఒక్కడే మిగిలాడు. పాత స్నేహితుడు. సాయంత్రం చెప్పులు తొడుక్కుంటూ నసిగాడు. "వచ్చే వారం నేనూ ఓసారి కంకిపాడు వెళ్ళొస్తానండీ."

కృపానందం బల్ల మీది బొమ్మ ఫిరంగులను ఆయన వైపు నెట్టాడు.

"వెళ్ళండి. మీ ఫిరంగులు కూడా పట్టుకుపోండి. నా బల్ల మీద ఉంచొద్దు."