అత్త జుట్టుకు జేజి మొక్కిన మొక్కు

మా ఇంట్లో ఈమధ్య ఆదివారం పొద్దున పచ్చి ఉల్లిపాయ వాసన వంటింట్లోంచి కాదు, నా తలలోంచి వస్తోంది. ఉల్లిపాయలు తురిమి, పల్చటి గుడ్డలో వేసి పిండి, ఆ రసం దూదితో మాడుకు అద్దుకుని, బాల్కనీలో స్టూలు మీద ముక్కు చిట్లించుకుని కూర్చుంటాను. మా అమ్మాయి నిద్రకళ్ళతో వచ్చి, "అమ్మా, ఉగ్గాని చేస్తున్నావా?" అంటూ, దాంతో తినే బజ్జీల కోసం గిన్నెల మూతలు తీసి చూస్తుంది. ఏడాదిగా నా జుట్టు రాలిపోతోంది. మొదట దువ్వెనకు వచ్చింది, తర్వాత దిండుకు, ఆ తర్వాత ఊరికే చెయ్యి తగిలితే చేతికి. పరీక్షలన్నీ చేయించాను, అన్నీ బాగున్నాయన్నారు. అన్నీ బాగున్నప్పుడు ఇదొక్కటే ఎందుకు బాగాలేదో చెప్పినవాళ్ళు మాత్రం లేరు. అద్దం ముందు ఏడ్చిన రోజులున్నాయి, దాచడమెందుకు. విగ్గు కొన్నాను, అది బీరువాలో నాకంటే దర్జాగా కూర్చుని ఉంది. కానీ ఈ ఉల్లి ఘాటు తగిలినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. నా చిన్నప్పుడు ప్రొద్దుటూరులో ఒక వర్షాకాలమంతా మా ఇంటినిండా ఇదే వాసన. అప్పుడు తల మా పద్మత్తది.

మాది బట్టల అంగళ్ళ వెనక సందు. ముందు తాత అంగడి, వెనక ఇల్లు, ఇంటికి నల్లబండ పరిచిన పొడవాటి అరుగు. మధ్యాహ్నం అన్నాలయ్యాక, ఎండకు సందులో కుక్క కూడా కదలని వేళ, ఇంట్లో ఆడవాళ్ళంతా ఆ అరుగు మీద ఒకరి వెనక ఒకరు వరసగా కూర్చునేవాళ్ళం. అందరికంటే ముందు నేను, నా వెనక అమ్మ, అమ్మ వెనక పద్మత్త, అత్త వెనక జేజి, అంటే మా నాన్నను కన్న తల్లి. ఎవరి చేతిలో వాళ్ళ ముందున్నవాళ్ళ తల. ఆముదం జిడ్డు, మల్లెమొగ్గల వాసన, పక్కింట్లో వేయిస్తున్న శెనక్కాయల కమ్మదనం, చిక్కు తగిలినప్పుడు నేను పెట్టే కేక, దానికి వీపు మీద అమ్మ వేసే చిన్న దెబ్బ, అన్నీ కలిసి ఊరి కబుర్లలో నానుతూ ఉండేవి. దువ్వెనకు వచ్చిన వెంట్రుకల్ని వేలికి చుట్టి ఉండ చేసి గోడలో రాళ్ళ సందున చెక్కేవాళ్ళు. పండగ ముందు ఒకామె గంప నెత్తిన పెట్టుకుని, "చిక్కెంటికలకు సామాన్లూ" అని అరుచుకుంటూ వస్తే, ఆ ఉండలన్నీ గోడలోంచి పీకి ఆమెకిచ్చి, పిన్నులో, గరిటో, స్టీలు గిన్నో తీసుకునేవాళ్ళు. మా ఇంట్లో చెంచాలన్నీ మా తలల్లోంచి పుట్టినవేనని తాత వేళాకోళం చేసేవాడు.

ఆ గరిటెల్లో సగం పద్మత్త చలవే. ఆమె నాన్నకు చెల్లెలు. ఆమె జడ నడుం దాటి, కుచ్చులు పెడితే మోకాళ్ళ దగ్గర ఊగేది. సందులో పిల్లలందరికీ ఆ జడ ఆటవస్తువు. అత్త ముందు ఇంజను, ఆమె జడ కొస పట్టుకుని నేను, నా లంగా పట్టుకుని ఇంకొకరు, అట్లా రైలు పెట్టెలమై అరుగు మీంచి దిగి, అంగడి వెనక నుంచి వేపచెట్టు దాకా పోయి, అక్కడ ఎర్రగుంట్ల స్టేషను వచ్చిందని నిలబడి, అత్త పంచిన బొరుగులు తిని మళ్ళీ బయల్దేరేవాళ్ళం. పెళ్ళి కావలసిన పిల్లకు ఈ ఆటలేమిటని జేజి గొణిగేది గానీ, రైలు తన ముందునుంచి పోయేటప్పుడు కాళ్ళు ముడుచుకుని దారి మాత్రం ఇచ్చేది. ఒక ఎండాకాలం ఆమెకు పులివెందులలో బట్టల వ్యాపారమే చేసే ఇంటికిచ్చి పెళ్ళి చేశారు. పెళ్ళికి వేసిన మల్లెపూల జడ ఎంత బరువంటే, ఫోటో తీసేటప్పుడు నేను వెనక నిలబడి దాన్ని రెండు చేతులతో మోశాను. ఆ ఫోటోలో నేను లేను, నా వేళ్ళు మాత్రం ఉన్నాయి.

ఆషాఢానికి అత్త పుట్టింటికి వచ్చింది. మళ్ళీ అరుగు, మళ్ళీ వరస. తల దువ్వుతూ దువ్వుతూ జేజి చెయ్యి ఆగిపోయింది. చెవి వెనక రూపాయి బిళ్ళంత మేర నున్నగా, మెరుస్తూ, వెంట్రుక అనేదే లేదు. "పేనుకొరుకుడు" అంది జేజి. అత్త తలలో పేనంటూ ఏనాడూ లేదు, అయినా ఆ పేరుతోనే పిలిచారు, ఇంకో పేరు తెలియక. వారం తిరక్కుండా ఇంకో రెండు బిళ్ళలు, తర్వాత అవి కలిసిపోయి అరచెయ్యంత. సందులో ఒక్కో ఇంటినుంచి ఒక్కో వైద్యం నడిచొచ్చింది. ఉల్లిరసమన్నారు ఒకరు, మందారాకన్నారు ఒకరు. గురివింద గింజలు అరగదీసి పట్టమన్నారు ఇంకొకరు. గురివింద గింజల కోసం నన్ను పక్క వీధిలో నగలు చేసే ఆచారి దగ్గరికి పంపారు. ఆయన తూకానికి వాడే గింజలు కొన్ని కాగితంలో పొట్లం కట్టిస్తూ, "ఇన్నాళ్ళూ బంగారం తూచినాయి పాపా, జుట్టు మొలిపిచ్చడం వీటికొక లెక్కా" అన్నాడు. జుట్టు మొలవలేదు గానీ మాడు మండి అత్త పెరట్లో గంతులేసింది. ఆ గంతులకు మేము నవ్వితే, ఆమె కూడా నవ్వుతూనే కూర్చుని, నవ్వుతూనే ఏడ్చేసింది. పెద్దవాళ్ళు అలా కూడా ఏడుస్తారని నాకు అప్పుడే తెలిసింది.

జమ్మలమడుగులో మంచి డాక్టరమ్మ ఉందంటే జేజి, అత్త, నేను బస్సెక్కి పోయాం. ఆమె భూతద్దం పెట్టి చూసి, అత్త గడ్డం పట్టుకుని, "ఎందుకు పోతుందో చెప్పలేనమ్మా. రావచ్చు, రాకపోవచ్చు. నీ తప్పేం లేదు" అంది. ఆ చివరి మాట అప్పటిదాకా ఎవరూ అనలేదు. ఎవరో దిష్టి పెట్టారని కొందరు, తలకు పోసుకుని, జుట్టు విరబోసుకుని చెట్టు కిందకి పోయిందని కొందరు, నలుగురూ నాలుగు తప్పులు వెతికిపెట్టారు. తిరిగొచ్చేటప్పుడు బస్సు కిటికీలోంచి ఎండిన పెన్నను, ఇసుకలో చెలమలు తవ్వి నీళ్ళు తోడుకునే ఆడవాళ్ళను చూస్తూ అత్త కూర్చుంది. ఇంటికి రాగానే జేజి కాళ్ళు కడుక్కుని, దేవుని గూటి ముందు నిలబడి చేతులు జోడించి గట్టిగా మొక్కింది. "గండి ఆంజనేయసామీ, నా బిడ్డ తలనిండా యెంటికలు మొలిపిచ్చు నాయనా. మొలిచినయి మొలిచినట్టే నీ గండికొచ్చి నీకే సమర్పిచ్చుకుంటాం." ఆ మాటలో ఉన్న చిక్కు అప్పుడు ఎవరికీ తట్టలేదు. అందరం కళ్ళకద్దుకుని అన్నాలకు కూర్చున్నాం.

దసరాకు అత్త తలలో ఒక్క వెంట్రుక మిగల్లేదు. నిజానికి ఆ దసరాయే నాకు అన్నింటికంటే బాగా గుర్తు. తాత అంగట్లో మిగిలిన గుడ్డముక్కలన్నీ తెచ్చి, జేజి వాటి అంచులు కుట్టి తలగుడ్డలు చేసింది. నెమలికంఠం చీరకు నెమలికంఠం గుడ్డ, బచ్చలిపండు రంగుకు అదే రంగు. అత్త వాటిని రకరకాలుగా ముడేసి, అద్దంలో అటూ ఇటూ చూసుకుని వీధిలోకి నడిచేది. మొదటి రోజు అందరూ తేరిపార చూశారు. నాలుగు రోజులకు సందులో ఆడపిల్లలమంతా తాత వెంటపడి గుడ్డలు అడుక్కుని అవే ముడులు వేసుకుని, ఓళిగలు చేతిలో పట్టుకుని, అమ్మవారి ఊరేగింపు చూడటానికి పోయాం. పులివెందుల నుంచి మామ, అంటే అత్త భర్త, వారం వారం సంచినిండా చీనీకాయలు, అవే బత్తాయిలు, తీసుకుని వచ్చేవాడు. ఆయన మొదటిసారి వచ్చిన రోజు, ఏమంటాడోనని ఇంట్లో అందరం వాకిలి చాటునుంచి చూశాం. ఆయన మాత్రం కాయలు దింపి, పూలపొట్లం తీసి, "పద్దా, ఇవి యాడ పెట్టుకుంటావు?" అని మామూలుగా అడిగాడు. అత్త ఆ దండ తీసుకుని తలగుడ్డ చుట్టూ చుట్టుకుంది. "బాగుండాదే" అన్నాడు. జేజి కొంగు అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయి, కాసేపయ్యాక వంకాయ కూరలో కారం రెండుసార్లు వేసిందని అమ్మ చెప్పింది.

తర్వాతి ఎండాకాలానికి, ఏ మందూ రాయని రోజుల్లో, దానంతట అదే మొలిచింది. మొదట తెల్లగా, నూగులాగా. దాన్ని ముట్టుకోవడానికి మేము వరస కట్టేవాళ్ళం. తర్వాత నల్లబడి, చిక్కబడి, మరుసటేడు శ్రావణం వచ్చేసరికి మెడమీద పడి, పిలక జడ వేసేంత అయింది. ఆ చిన్న జడకు అత్త మురిసినంతగా మోకాళ్ళ జడకు ఎన్నడూ మురియలేదు. అత్త పుట్టింటికి వచ్చినప్పుడు, మేము కాస్త ఎదిగినా సరే, ఆ పిలక పట్టుకుని మళ్ళీ రైలాట ఆడాం. సరిగ్గా అప్పుడు, అలసందలు నానబోస్తూ నానబోస్తూ, జేజికి మొక్కు గుర్తొచ్చింది.

ఆ రోజు ఇంట్లో జరిగిన పంచాయితీ ముందు ఏ కోర్టూ చాలదు. "మొక్కేటప్పుడు రవంత ముందెనకలు సూసుకోవల్ల కదా" అన్నాడు తాత. "దేవునికి జుట్టే ఇయ్యాల్నా? ఊర్లో టెంకాయలు ల్యాకపాయనా?"

"నోటికొచ్చింది అనేస్తి. ఇప్పుడు నేనేం జెయ్యాల" అంది జేజి.

ముత్తైదువలు మూడు కత్తెర్లు ఇస్తే చాలునని అమ్మ అంది. "తలనిండా అని నేనంటి. మూడు కత్తెర్లని అన్ల్యా" అంది జేజి. తన తెల్లజుట్టంతా ఇచ్చేస్తానంది. "సామికి మొక్కింది నల్లెంటికలు, తెల్లయి ఒప్పుకుంటాడా" అని తాత ఎత్తిపొడిచాడు. ముసలామె అన్నం ముందు కూర్చుని చెయ్యి పెట్టలేకపోయింది. బిడ్డ జుట్టు తీస్తే పాపం, తీయకపోతే మళ్ళీ ఊడుతుందేమోనని భయం. అత్త అక్కడినుంచి లేచిపోయింది. పెరట్లో నీళ్ళతొట్టి దగ్గర, రెండు చేతుల వేళ్ళూ జుట్టులోకి పోనిచ్చి, అట్లాగే పట్టుకుని నిలబడింది. నేను చూశాను. ఆ జుట్టంటే ఆమెకెంత ప్రాణమో నాకు తెలుసు కాబట్టి, ఆమె ఇవ్వనంటే బాగుండునని నేను కూడా ఆంజనేయసామికి మొక్కాను.

మరుసటి రోజు అరుగు మీద వరసలో, జేజి చేతిలోంచి దువ్వెన తీసుకుని అత్త వెనక్కి తిరిగింది. "పొయ్యేటప్పుడు అది నన్నడిగి పోల్యా మ్మా. యెందుకు పోయిందో సెప్పినోళ్ళూ ల్యారు. ఈ తూరి నేనిస్తేనే పోతాది. నన్ను ఇయ్యనీ" అంది. జేజి ఆమె తల ఒళ్ళోకి లాక్కుంది.

శ్రావణ శనివారం. ముందురోజే పులివెందులకు పోయి, పొద్దున్నే చిత్రాన్నం మూటలు, వడలమాల, పిల్లలం మేము, అందరం బస్సులో కిక్కిరిసి గండికి చేరాం. రెండు కొండల మధ్య పాపఘ్ని నది, వాన తుంపర, తడిసిన చీరల మీంచి టెంకాయ నీళ్ళ వాసన, ఎక్కడ చూసినా జనం. అత్త తల వంచి మంగలి ముందు కూర్చుంది. మొదటి కత్తి పడేటప్పుడు కళ్ళు మూసుకుంది, తర్వాత తెరిచి, ఒళ్ళో పడుతున్న జుట్టును చూసి నవ్వింది. మామ పక్కనే నిలబడి, "చీనీకాయ మాదిరి ఉండావు" అన్నాడు. తడిచేత్తో ఆయన చొక్కా మీద ఒక దెబ్బ పడింది. నదిలో మునిగి లేచి, గుండుకు చందనం పూసుకుని, తలగుడ్డ కట్టుకోకుండా, చినుకులు నెత్తిమీద నేరుగా పడుతుంటే ఆమె మా ముందు నడిచింది. ఎదురొచ్చిన వాళ్ళంతా, "మొక్కా మ్మా?" అని గౌరవంగా పక్కకు జరిగారు. "మొక్కే" అంది అత్త, అడిగిన ప్రతివాళ్ళకూ. నేను ఆమె కొంగు పట్టుకున్నాను, నా వెనక పిల్లలు, రైలు గుడి దాకా పోయింది.

ఆ జుట్టు మళ్ళీ పెరిగింది, ఇంకోసారి అక్కడక్కడా పోయింది, మళ్ళీ వచ్చింది. అత్త దానితో తగువు మానేసింది. ఇప్పుడు జేజి లేదు, తాత లేడు, మామ కూడా పోయాడు. అరుగున్నచోట ఇనుప షట్టరు పడింది. చిక్కెంటికలు కొనే గంపామె బదులు మోటారు సైకిలు మీద రికార్డు చేసిన గొంతు తిరుగుతోంది. మొన్న దువ్వెనకు వచ్చిన వెంట్రుకల్ని అలవాటుగా వేలికి చుట్టి, చెక్కుదామని చూస్తే మా ఫ్లాటు గోడకు సందన్నదే లేదు. ఉండ చేతిలో పట్టుకుని నిలబడి పులివెందులకు ఫోన్ చేశాను.

"మొక్కుకుంటివా యేంది?" అంది అత్త, నా జుట్టు సంగతి వినగానే.

"లేదత్తా."

"మొక్కద్దు మ్మే. మొక్కితే జేజి మాదిరి మొక్కాకు. శ్రావణానికి రా, ఊరికే పోయొద్దాం."

పోయిన ఆదివారం ఉల్లిపాయలు కూరలో వేసేశాను. మిగిలిన నాలుగు వెంట్రుకల్ని మా అమ్మాయి మిషనుతో నున్నగా తీసింది. విగ్గు బీరువాలోనే ఉంది. ఈ శ్రావణ శనివారం గండిలో, గుడి వరసలో, అత్త నా వెనక నిలబడి ఉంది. ఆమె తెల్లని పొట్టి జుట్టు గాలికి లేస్తోంది. మా ముందున్న ఒక పల్లెటూరి ఆమె నా తల చూసి, "మొక్కా మ్మా?" అంది. ఔనంటే సరిపోయేది. ఆ మాటకు ఇంకో ప్రశ్న ఉండదు, చేతులు జోడించి పక్కకు జరుగుతారు. వీపు మీద అత్త చెయ్యి తగిలింది, ఆమె కూడా నా జవాబు కోసమే చూస్తోంది.

"లేదుమా" అన్నాను. "అదే పోయింది. యెందుకో తెలీదు."

ఆమె నా తలను ఇంకొక్కసారి నిదానంగా చూసింది. వెనక అత్త నవ్వడం మొదలుపెట్టింది. ఆ పల్లెటూరి ఆమె చేతిలోని విస్తరాకు పొట్లం విప్పి, నాకొకటి, అత్తకొకటి వడ చేతిలో పెట్టింది.

"పోతే పోనీలేమ్మా. తిను, ఇంకా వేడిగా ఉండాది."