శామన్న వదిలిన ఖాళీ

మొన్న తలుపు గొళ్లెం బిగుసుకుపోతే కొబ్బరినూనె రాశాను. ఇనుము, నూనె కలిసిన ఆ వాసనకు శామన్న గుర్తొచ్చాడు. పాట కాగానే గిటారు తీగలను నూనెగుడ్డతో తుడిచేవాడు. కరీంనగర్‌లో మా చర్చి రాక్ బ్యాండుకు ఆయన గాయకుడు, నేను డ్రమ్మర్ని. రాక్ అంటే రాయి అని బడిలో చదువుకున్నవాణ్ణి కనుక, వినేవాళ్ల మీదికి అదే విసిరేవాణ్ణి.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, మెట్‌పల్లి నుంచి వచ్చిన శామన్న వాళ్ల అవ్వ చెవుల్లోని దూది తీస్తూ అన్నది: "మంచిగ పాడినవ్ బిడ్డా. గని నేనెక్కడ అందుకోవాలె? నాట్లల్ల ఒకామె అంటే పదిమందిమి అందుకుంటం. మీరు జర సందు సుత ఇయ్యరైతిరి."

ఆ మాట ఆయన్ని వదల్లేదు. అమెరికా పల్లెల కంట్రీ పాటలు వెతికి వినసాగాడు. నాట్లు పడితే అవ్వ వెంట వెళ్లి గట్టుమీద కూర్చుని ఆ పాటలు వినేవాడు. "రెండూ ఒక్కతీర్గనే ఉన్నయిరా. పొలం, దుఃఖం, దేవుడు. లొల్లి లేదు" అనేవాడు. కరెంటు గిటారు పక్కనపెట్టి చెక్క గిటారు పట్టాడు. బ్యాండులో ఇద్దరు వెళ్లిపోయారు. సంఘపెద్ద తేల్చి చెప్పాడు: "వచ్చే ఆదివారం ఒక్కటి పాడు శామూ. సంఘం అందుకోలేదనుకో, పాటల పని ఇంకొకలకిస్తం."

శామన్న నా చేతికి డప్పు ఇచ్చాడు. "నేను ఆపినకాడ నువ్వు కొట్టొద్దు."

"మరి గా ఖాళీల ఏం జెయ్యాలన్నా?"

"భయపడు. నేను సుత భయపడుత."

ఆదివారం మొదటి చరణం పాడి ఆపాడు. ఎవరూ పలకలేదు. పైనున్నవాళ్లు పాడాలి, కిందున్నవాళ్లు వినాలి అని ఇన్నేళ్లూ నేర్పింది మేమే కదా. మళ్లీ పాడి ఆపాడు. నా చెయ్యి లేచింది. ఆయన చూపుకు దిగింది. మూడోసారి, వెనక చాపల మీద కూర్చున్న ఒకామె సన్నగా అందుకుంది. శ్రుతి కలవలేదు. శామన్న తన గొంతు దించి ఆమె శ్రుతిలోకి వెళ్లాడు. పక్కామె కలిసింది, ఆపై వరస కలిసింది. బయట చెప్పులేసుకుంటూ సంఘపెద్ద అన్నాడు: "అందుకున్నరు పో."

నేనిప్పుడు హుస్నాబాద్‌లో లెక్కల మాస్టర్ని. ప్రశ్న వేసి జవాబూ నేనే చెప్పేసే జబ్బు నాది. ఆపుకుంటాను. ఆ నిశ్శబ్దానికి ఇప్పటికీ భయమే. చివరికి వెనక బెంచీ నుంచి ఒక తప్పు జవాబు వస్తుంది. సుద్దముక్క తీసుకుని, పాఠం అక్కణ్ణుంచే మొదలుపెడతాను.